ఎక్కడా దిగని రోజు

ఓడలో మొదటి పొద్దున టీ తాగుతూ అమ్మ అడిగింది, "ఈరోజు ఏ ఊళ్లో దిగుతాం నాయనా?" అని. ఎక్కడా దిగం, ఈరోజంతా సముద్రమే అన్నాను. "మరి ఇంత డబ్బు దేనికి కట్టినట్టు?" అంది. కోపంతో కాదు, ఆమెకు నిజంగానే అర్థం కాలేదు.

ఓడ ఏ రేవులోనూ ఆగకుండా పొద్దంతా నడిచే ఈ రోజును క్రూయిజ్ (విహార ఓడ) వాళ్లు 'సీ డే' అంటారు. తిరుపతిలో నన్ను క్రూయిజ్ గురించి అడిగేవాళ్లు మొదట లెక్కగట్టేది దీన్నే. ఆ రోజు నీళ్ల మీదే పోతుంది గదా, దండగ కాదా అంటారు. నా అభిప్రాయం దీనికి పూర్తిగా వేరు. క్రూయిజ్‌లో డబ్బు పెట్టి కొనదగ్గది ఏదైనా ఉంటే అది ఆ రోజే.

మనకు ఇది దండగగా కనిపించడానికి కారణం మన ఊళ్లోనే ఉంది. కాణిపాకం, శ్రీకాళహస్తి, తిరుచానూరు ఒక్క రోజులో చుట్టేసి రాత్రి రైలుకు పరిగెత్తే యాత్రికులను ఏళ్ల తరబడి చూస్తున్నాం. ఎన్ని చూశాం అన్నదే ప్రయాణానికి కొలత అనే అలవాటు మనకూ పట్టుకుంది. కొండ మీద క్యూ కాంప్లెక్స్‌లో మనమూ గంటలు గంటలు కూర్చుంటాం. కానీ అది ఎదురుచూపు. చూపంతా తలుపు మీదే ఉంటుంది. సముద్రం మధ్యలో తెరుచుకోవాల్సిన తలుపు ఏదీ లేదు.

క్రూయిజ్ ఓడ వేగం పదహారు నాట్లు (ఓడల వేగాన్ని 'నాట్'లలో కొలుస్తారు) అనుకుంటే గంటకు 30 కిలోమీటర్లు కూడా ఉండదు. మన ఘాట్ రోడ్డు బస్సు అంతకన్నా ఏమీ తీసిపోదు. తీరం కనుమరుగయ్యాక ఫోన్ సిగ్నల్ పోతుంది. వైఫైకి విడిగా డబ్బు కట్టాలి, నేను కట్టలేదు. రెండు గంటల పాటు చెయ్యి జేబులోకి పోతూనే ఉంది, తర్వాత మానేసింది.

అమ్మ మాత్రం పది గంటలకల్లా డెక్ మీద నీడ పట్టున ఒక కుర్చీ చూసుకుంది. పక్కన కుంభకోణం నుంచి వచ్చిన ఒకావిడ. చిత్తూరు వైపు పుట్టిన మనిషికి తమిళం రాకుండా ఎలా ఉంటుంది? మోకాళ్ల నొప్పుల గురించి, కూతుళ్ల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత మాటలు కూడా ఆగిపోయాయి, ఇద్దరూ నీళ్లు చూస్తూ కూర్చున్నారు. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే అంది, "ఇంతసేపు ఊరికే కూర్చుని ఎన్నేళ్లయిందో!"

ఆ మాట నాలో ఇప్పటికీ మెదులుతోంది. తిరుపతిలో ఇల్లుంటే ఏడాది పొడుగునా దర్శనానికి చుట్టాలు వస్తూనే ఉంటారు. తెల్లవారుజామున రైలు దిగేవాళ్లకు కాఫీ, కొండ దిగి వచ్చినవాళ్లకు ఏ వేళకైనా అన్నం. అమ్మ దీన్ని ఎప్పుడూ కష్టం అనలేదు, స్వామి సేవే అనుకుంది. కానీ ఆమె పేరు మీద సెలవు అనేది ఒక్క రోజు కూడా లేకుండా పోయింది. ఊళ్లు చూపించే టూర్‌కు తీసుకెళ్తే అక్కడా లెమ్మనీ, రెడీ కమ్మనీ తొందరపెట్టేవాళ్లం. సీ డేలో ఆమెను లెమ్మనేవాళ్లు లేరు.

ఈ విశ్రాంతి ఇంకొకరి చాకిరీ మీద నిలబడిందన్నది కూడా నిజమే. 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం ఓడ సిబ్బంది పని గంటలకు పరిమితి పెడితే అది రోజుకు 14 గంటలు, వారానికి 72 గంటలు దాటకూడదు. పరిమితే అంత ఉంది! నెలల తరబడి ఇంటి మొహం చూడని పిల్లలు వాళ్లు. గది సర్దడానికి వచ్చిన అబ్బాయిని అమ్మ "తిన్నావా నాయనా?" అని అడిగింది. టికెట్ కొనేవాళ్లు సిబ్బందికి ఇచ్చే టిప్ దగ్గర పీనాసితనం చూపకూడదు.

కంపెనీల తీరు మీద నాకు అభ్యంతరం ఉంది. రేవులో దిగని ప్రయాణికుడు ఓడలోనే ఖర్చు పెడతాడు కాబట్టి ఆ రోజును ఆటలతో, డీజేతో, కాసినోతో, షాపింగ్‌తో నింపేస్తారు. కావాల్సినవాళ్లకు అవన్నీ ఉండొచ్చు. పాటలు వినిపించని డెక్ ఒకటి కూడా ఉండాలి, బుక్ చేసేముందు ఆ సంగతి అడగాలి.

ప్రభుత్వాలు కూడా రేవులు, తలల లెక్కలే చూస్తున్నాయి. విశాఖలో క్రూయిజ్ టెర్మినల్ 2023లో ప్రారంభమైంది. 2024 సెప్టెంబరులో కేంద్రం మొదలుపెట్టిన క్రూయిజ్ భారత్ మిషన్, 2029 నాటికి ప్రయాణికులను రెట్టింపు చేస్తామంటోంది. ఇన్ని భారీ ఓడలు ఇంధనం తగలబెడితే గాలికి, నీటికి జరిగే నష్టం చిన్నది కాదు. అందుకే ఏటా ఎక్కమని ఎవరికీ చెప్పను. జీవితంలో ఒక్కసారి, ముఖ్యంగా ఇంటి చాకిరీలో ముసలివాళ్లయిన అమ్మలను ఎక్కించమంటాను. అంత డబ్బు లేకపోతే మనకూ సముద్రం ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు వాకాడు వైపు తీరం తిరుపతి జిల్లాలోకి వచ్చింది. తూపిలిపాలెంలో సెల్ఫీ దిగి వెనక్కి రాకుండా, ఒక పూట ఉండి రండి.

మర్నాడు విశాఖ రేవులో దిగడానికి పొద్దున్నే జనం బ్యాగులతో లైను కట్టారు. సింహాచలం పోదామా అని అమ్మను అడిగాను. కాసేపు ఆలోచించింది. "అప్పన్న దగ్గరికి ఇంకోసారి ఆయన కోసమే వద్దాం. మీరు పోయి రండి. నేను ఇవాళ ఇక్కడే కూర్చుంటా" అంది.