కాటా వేయించాకే కారవాన్ రోడ్డెక్కాలి

ఆస్ట్రేలియాలో సెప్టెంబరు స్కూలు సెలవులు వస్తున్నాయి. మెల్‌బోర్న్ నుంచి లేక్స్ ఎంట్రెన్స్‌కో, బ్రైట్‌కో, ఇంకా ఓపికుంటే హ్యూమ్ హైవే పట్టుకుని సిడ్నీ దాకానో కారు వెనక కారవాన్ (చక్రాల మీద లాక్కెళ్లే ఇల్లు) తగిలించుకుని బయల్దేరే తెలుగు కుటుంబాలు ఉంటాయి. సొంతంగా కొన్నవాళ్లు కొందరు, వారం రోజులకు అద్దెకు తెచ్చుకునేవాళ్లు కొందరు. వాళ్లందరికీ మేము గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. సామాను సర్దడం పూర్తయ్యాక, ఇంటిల్లిపాదీ కారెక్కాక, ముందు వేబ్రిడ్జికి వెళ్లి కారునూ కారవాన్‌నూ కాటా వేయించండి.

బరువు గురించి అడిగితే ‘కారవాన్‌కు బిగించిన ప్లేటు మీద రాసుంది కదా’ అంటారు చాలామంది. ప్లేటు మీద ఉన్నది ఇవాళ్టి బరువు కాదు. ఏటీఎం అని ఉన్న అంకె కారవాన్ మొత్తం బరువు దాటకూడని హద్దు. టేర్ అన్నది ఫ్యాక్టరీ నుంచి ఖాళీగా బయటికొచ్చినప్పటి లెక్క. ఆ తర్వాత బిగించిన ఏసీ, సోలార్ ప్యానెళ్లు, రెండో బ్యాటరీ అందులో ఉండవు.

టేర్ 2,150 కిలోలు, ఏటీఎం 2,550 కిలోలు ఉన్న కారవాన్ అనుకుందాం. అంటే 400 కిలోల సామాను పట్టాలి. 95 లీటర్ల నీళ్ల ట్యాంకులు రెండూ నింపితే అక్కడే 190 కిలోలు పోయాయి. రెండు సిలిండర్లలో గ్యాస్ మరో 18. మిగిలిన 192 కిలోల్లోనే దుప్పట్లు, కుర్చీలు, పనిముట్లు, పిల్లల సైకిళ్లు అన్నీ ఇమడాలి. ఆపైన మన వంటిల్లు ఉండనే ఉంది: సోనా మసూరి బస్తా, కుక్కర్లు, ఇడ్లీ పాత్ర, పచ్చళ్ల సీసాలు, కొందరికైతే వెట్ గ్రైండర్ కూడా. అన్నీ చేత్తో మోసుకొచ్చి పెట్టినవే కాబట్టి ఏ ఒక్కటీ బరువనిపించదు. హద్దు దాటేది అక్కడే.

కారు సంగతి ఇంకా చిక్కు. ‘3,500 కిలోలు లాగుతుంది’ అన్న ప్రకటన చూసి బండి కొంటాం. కారుకూ కారవాన్‌కూ కలిపి ఇంకో హద్దు ఉంటుంది, దాన్ని జీసీఎం అంటారు. అది 6,000 కిలోలు ఉన్న బండికి నిజంగానే 3,500 కిలోల కారవాన్ తగిలిస్తే కారుకు మిగిలేది 2,500. ఖాళీ కారే 2,300 ఉంటే ఇక 200 కిలోలు. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన తాతయ్య, నానమ్మ ఎక్కితే ఆ లెక్క ఎప్పుడో దాటిపోతుంది. అప్పటికింకా కారు డిక్కీలో ఒక్క సంచీ కూడా పెట్టలేదు!

బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడ ఉందన్నదీ ముఖ్యం. కారవాన్ ముందు భాగం కారు హుక్కు మీద మోపే బరువు మామూలుగా కారవాన్ బరువులో పదో వంతు దగ్గర ఉండాలంటారు. సైకిళ్లూ బరువైన పెట్టెలూ కారవాన్ తోక వైపు పెడితే ఆ బరువు తగ్గిపోతుంది. 100 కిలోమీటర్ల వేగంలో పక్క నుంచి పెద్ద ట్రక్కు దూసుకెళ్తే చాలు, వెనకాల కారవాన్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఊపు పెరిగిందంటే కారును కూడా ఈడ్చేస్తుంది. హుక్కు మీద బరువు మరీ ఎక్కువైనా ప్రమాదమే. కారు వెనక భాగం కుంగి, ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగ్ మాట వినదు. కుంగిందని వెనక స్ప్రింగుల దగ్గర ఎయిర్‌బ్యాగులు (గాలి నింపే సంచులు) వేయిస్తుంటారు. దాంతో కుంగడం కనపడదు, బరువు మాత్రం ఒక్క కిలో కూడా తగ్గదు. మనుషులు, సామానుతో సహా కారు మొత్తం బరువు దాటకూడని హద్దు అయిన జీవీఎం కూడా వాటివల్ల పెరగదు.

కాటా వేయించడం పెద్ద పనేమీ కాదు. ముందు రెండింటినీ తగిలించి ఉంచే, కారు చక్రాలు మాత్రమే వేబ్రిడ్జి మీద ఉండేలా ఆపండి. ఆ అంకెను జీవీఎంతో పోల్చండి. తర్వాత కారును ముందుకు దింపి కారవాన్ చక్రాల బరువు తీయండి. ఈ రెండూ కలిపితే మొత్తం బరువు, అది జీసీఎం దాటకూడదు. చివరగా కారు విప్పేసి, ముందున్న జాకీ చక్రంతో సహా కారవాన్‌ను ఒంటరిగా తూయండి. అది ఏటీఎం లోపు ఉండాలి. ఇందులోంచి ఇందాకటి కారవాన్ చక్రాల బరువు తీసేస్తే హుక్కు మీద ఎంత పడుతోందో తెలిసిపోతుంది. నేషనల్ మెజర్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ లైసెన్సు ఉన్న పబ్లిక్ వేబ్రిడ్జిలు ధాన్యం గోదాముల దగ్గర, కంకర యార్డుల్లో, చెత్త సేకరణ కేంద్రాల్లో దొరుకుతాయి. ఇంటికే వచ్చి తూచిపెట్టేవాళ్లూ ఉన్నారు. వడ్ల బస్తా అయినా పత్తి లోడైనా కాటా పడనిదే లెక్క ఒప్పుకోని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం మనం. మన పిల్లలు కూర్చున్న బండి దగ్గర అందాజా ఎందుకు?

హద్దు దాటితే జరిమానా పడొచ్చు. ప్రమాదం జరిగితే అధిక బరువు కారణంగా బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించే ప్రమాదమూ ఉంది. మమ్మల్ని ఎక్కువ ఆందోళనపెడుతున్నది మాత్రం ఇది కాదు. ఇక్కడ మామూలు కారు లైసెన్సుతోనే ఇంత పెద్ద కారవాన్‌ను లాగొచ్చు, ప్రత్యేక పరీక్ష ఏదీ లేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో డ్రైవింగ్ నేర్చుకుని, బతుకులో ఎన్నడూ ట్రెయిలర్ లాగని మనిషి, ఒక శుక్రవారం సాయంత్రం రెండున్నర టన్నులు తగిలించుకుని హైవే ఎక్కేస్తున్నాడు. అతను చేసేది తప్పని ఎవరూ చెప్పరు, ఎందుకంటే తూచినవాళ్లే లేరు.

ఈ బాధ్యతంతా కొనేవాళ్ల మీదే వదిలేయడం న్యాయం కాదు. సెలవుల సీజన్‌లో ప్రధాన హైవేల పక్కన జరిమానా భయం లేకుండా ఉచితంగా తూచే ఏర్పాటు రాష్ట్ర ప్రభుత్వాలు చేయాలి. అద్దెకిచ్చే కంపెనీలు తాళాలు ఇచ్చేటప్పుడే ఎంత సామాను పట్టొచ్చో కిలోల్లో రాసివ్వాలి. అమ్మే డీలర్లు అన్నీ బిగించాక, కొన్నవాళ్ల కళ్ల ముందే కాటా వేసి ఆ చీటీ చేతికివ్వాలి. చట్టం ఆ మాట చెప్పేదాకా ఆగక్కర్లేదు. కారవాన్ కొనబోయేవాళ్లు ఈ షరతును ఆర్డరు కాగితం మీద రాయించుకోండి. రాయనంటే అడ్వాన్సు కట్టకండి.