సగటు జీతం గారికి, గేట్ నంబర్ 2 నుంచి

శ్రీయుత సగటు జీతం గారికి,

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు, కాడుబీసనహళ్లి దగ్గర గేట్ నంబర్ 2 నుంచి సెక్యూరిటీ మేనేజరు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. 'సెక్యూరిటీ మేనేజరు జీతం ఎంత' అని కొడితే తమరు కూడా నెట్‌లో మొదటి పేజీలో, లావుపాటి అక్షరాల్లో, ఏడాదికేడాది ఒళ్లు చేస్తూ క్షేమంగా ఉన్నారని చూసి సంతోషించాను.

మొన్న మంగళవారం తమరి దర్శనం కోసమే వైట్‌ఫీల్డ్ దాకా వచ్చాను. హాఫ్ డే సెలవు పెట్టాను. పెళ్లిళ్లకి తప్ప బయటికి తీయని కోటు తీశాను. 500-డి బస్సులో టిన్ ఫ్యాక్టరీ దాకా నిలబడి, అక్కణ్ణించి మెట్రో ఎక్కి, దిగాక ఎండలో ముప్పావు కిలోమీటరు నడిచి చేరాను. కన్సల్టెన్సీ అమ్మాయి మూడు రోజులుగా ఫోన్లో ఊరించింది మరి. "సార్, సెక్యూరిటీ మేనేజర్ పొజిషన్. మీ ఎక్స్‌పీరియన్స్‌కి మార్కెట్ యావరేజ్ అయితే ఈజీగా ఇస్తారు." ఆ యావరేజ్ ఎంతో కూడా చెప్పింది. ఆ అంకె ఇక్కడ రాయను. రాస్తే మా ఆవిడ చదివి మళ్లీ ఫ్రిజ్ మాటెత్తుతుంది.

గంటన్నర కూర్చోబెట్టాక లోపలికి పిలిచారు. ఇద్దరే ఉన్నారు. మా పెద్దమ్మాయి కన్నా నాలుగైదేళ్లు పెద్దవాళ్లు ఉంటారేమో. అబ్బాయి ల్యాప్‌టాప్ లోంచి తల ఎత్తకుండా అడిగాడు, "ఫైర్‌వాల్స్ ఎన్నేళ్లు హ్యాండిల్ చేశారు?"

ఫైర్ అన్న మాట వినపడింది. మిగతాది వినపడలేదో, చెవులే వద్దనుకున్నాయో. "పదకొండేళ్లండి. ఇప్పుడున్న క్యాంపస్‌లో ఎక్స్‌టింగ్విషర్లు 212. హైడ్రెంట్ లైన్ ప్రెషర్ వారం వారం చూస్తాం. మాక్ డ్రిల్ ఏడాదికి రెండుసార్లు..." అని చెప్పుకుంటూ పోతున్నాను. అమ్మాయి మెల్లిగా పెన్ను కింద పెట్టింది. అబ్బాయి అప్పుడు తలెత్తాడు. రెజ్యూమె మీద నా ఇంటిపేరు చూసి తెలుగులోకి దిగాడు.

"అంకుల్, ఇది సైబర్ సెక్యూరిటీ అండి. సారీ అంకుల్. కాఫీ తాగి వెళ్లండి."

కాఫీ బాగానే ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి.

తిరుగు మెట్రోలో కూర్చుని ఆలోచిస్తే తమరి పుట్టుపూర్వోత్తరాలు తెలిశాయి. మా బిల్డింగులోనే, నాలుగో అంతస్తులో, ఇంకో సెక్యూరిటీ మేనేజరు ఉన్నారు. విజిటింగ్ కార్డు మీద ఆయనకీ నాకూ ఒకటే హోదా, ఒకటే స్పెల్లింగు. సర్వర్లోకి ఎవడూ దూరకుండా ఆయన చూస్తారు. ఆ సర్వరు ఉన్న గదిలోకి, ఆ గది ఉన్న బిల్డింగులోకి, ఆ బిల్డింగు ఉన్న ప్రహరీలోకి ఎవడూ దూరకుండా నేను చూస్తాను. దీపావళికి ఆయన పేరిట వచ్చిన స్వీట్ బాక్సులు రెండుసార్లు నా టేబుల్ మీదికి వచ్చాయి. నా పేరిట వచ్చిన యూనిఫాం బిల్లులు ఆయన టేబుల్ మీదికి వెళ్లాయి. జీతాలు మాత్రం ఒక్కసారి కూడా దారి తప్పలేదు. అంత పకడ్బందీ సెక్యూరిటీ.

తమరు చేసిందేమిటంటే, మా ఇద్దర్నీ ఒకే గోతంలో వేసి, ఊపి, మధ్యలోంచి ఒక అంకె లాగారు. పదో తరగతిలో మా లెక్కల మాస్టారు అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం అని బెత్తం పెట్టి మరీ నేర్పారు. అయిదుగురు సెక్యూరిటీ మేనేజర్లు ఉన్నారనుకోండి. నలుగురివి 6, 7, 8, 9 లక్షలు, నాలుగో అంతస్తు ఆయనవి 45. కూడి అయిదుతో భాగిస్తే 15. పదిహేను లక్షలు ఆ అయిదుగురిలో ఎవరికొస్తోంది? ఎవరికీ రాదు. వరుసలో నిలబెట్టి మధ్యవాణ్ణి చూస్తే 8. మధ్యగతం మర్యాదస్తుడు, ఉన్న మనిషినే చూపిస్తాడు. లేని మనిషికి కోటు తొడిగి, మొదటి పేజీలో నిలబెట్టేది తమరు.

పోనీ మన దేశంలోనే ఇంతా అంటే, అమెరికాలోనూ మాకు దక్కే మర్యాద ఇంతే. అక్కడి ప్రభుత్వం ఉద్యోగాల పట్టీలో సెక్యూరిటీ మేనేజర్లకి 11-3013.01 అని నంబరిచ్చింది. ఆ చుక్క తర్వాత ఉన్న 01 చూశారా, అంటే ఫెసిలిటీస్ మేనేజర్ల కింద ఉప పద్దు అన్నమాట. ఏసీలు, లిఫ్టులు చూసుకునే వాళ్ల చంకలో మేము. కంప్యూటర్ల కాపలా వాళ్లకి వేరే పద్దు. 2024 మే లెక్కల్లో ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ ఎనలిస్టుల మధ్యగత వేతనం ఏడాదికి 1,24,910 డాలర్లు. వాళ్లు లెక్కలో అయినా విడదీశారు. మన నెట్ వాళ్లకి ఆ ఓపిక కూడా లేదు.

ఇంతటితో ఆగి ఉంటే నమస్కారం పెట్టి ఉత్తరం ముగించేవాణ్ణి. బుధవారం ఏమైందో తమరికి తెలుసు, తమరు అక్కడే ఉన్నారు కాబట్టి.

బుధవారం పదకొండింటికి మా ఏజెన్సీ హెచ్ఆర్ అప్రైజల్ అని పిలిచింది. పోయిన దసరాకి ఇస్తానన్న ఇంక్రిమెంటు ఈ మీటింగులో. ఆవిడ స్క్రీన్ ఇటు తిప్పింది. "చూడండి సార్, మీ గ్రేడ్‌కి మార్కెట్ యావరేజ్ ఇది. మీకు ఆల్రెడీ ఎక్కువే వస్తోంది." స్క్రీన్ మీద ఎవరున్నారు? తమరే! మంగళవారం నన్ను కోటు వేయించి వైట్‌ఫీల్డ్ దాకా నడిపించిన ఆ బొద్దు విగ్రహం బుధవారానికి ఎండిపోయి, సూపర్‌వైజర్లనీ, అపార్ట్‌మెంట్లలో మొక్కలకి నీళ్లు కూడా పోయించుకునే మేనేజర్లనీ కలుపుకుని, నా జీతం కన్నా కింద కూర్చుని ఉంది.

ఇక గారు, తమరు అనడం నా వల్ల కాదు. నువ్వు అనే అంటాను. ఆశ పెట్టాల్సి వస్తే లావెక్కుతావు, ఇవ్వాల్సి వస్తే చిక్కిపోతావు. సిగ్గుందా నీకు?

మా జీతాన్ని ఏది పెంచుతుందో, ఏది నొక్కుతుందో గేటు ఎదురుగా టీ బండి పెట్టుకున్నతనికి కూడా తెలుసు, నీకే తెలియదు. మొదటిది, ఎవరి పేరోల్ మీద ఉన్నామన్నది. నేరుగా కంపెనీ పేరోల్ అయితే ఒక బతుకు, ఏజెన్సీ అయితే ఇంకో బతుకు. నా జీతం క్లయింటుకి, అంటే ఈ క్యాంపస్ కంపెనీకి, మా ఏజెన్సీ పంపే బిల్లులో ఒక లైను. గార్డుల జీతాలు, పీఎఫ్, ఈఎస్ఐ, బోనసు, వాటిపైన ఏజెన్సీ సర్వీస్ ఛార్జి, మొత్తం మీద 18 శాతం జీఎస్టీ. పెంచమంటే ఏజెన్సీ "క్లయింట్ అప్రూవ్ చెయ్యాలి" అంటుంది. క్లయింటుని అడిగితే "అది మీ ఏజెన్సీ ఇంటర్నల్ మేటర్" అంటాడు. ఇద్దరూ మర్యాదస్తులే, మధ్యలో నాకే తడిసి మోపెడవుతుంది.

రెండోది, ఏం కాపలా కాస్తున్నామన్నది. డేటా సెంటర్‌కి ఒక రేటు, మందుల ఫ్యాక్టరీకి ఒక రేటు, అపార్ట్‌మెంట్‌కి దయాధర్మం. మూడోది, ఫౌజులో ఏ ర్యాంకుతో దిగామన్నది. కల్నల్ గారు దిగితే 'హెడ్' అని గది ఇస్తారు. నేను 17 ఏళ్లు చేసి హవల్దారుగా దిగాను. 2005 నాటి ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం మాజీ సైనికులకి ప్రాధాన్యం ఇవ్వొచ్చంది. ఇచ్చారు. "మీకెలాగూ పెన్షన్ వస్తుంది కదా సార్" అని ఆ మేరకు జీతంలో కోసుకున్నారు కూడా. బోర్డర్లో చలికి కాళ్లు మొద్దుబారి సంపాదించుకున్న పెన్షను, మా ఏజెన్సీ వాళ్లకి డిస్కౌంటు కూపను.

సీపీపీ అని సెక్యూరిటీ వాళ్లకి విదేశీ సర్టిఫికేట్ ఒకటుంది, అది చేస్తే పెరుగుతుందంటారు. ఆ పరీక్ష ఫీజు డాలర్లలో, పెరిగేది రూపాయల్లో.

నా సంగతి విను. సీటీసీ, అంటే నా మీద పెడుతున్నామని వాళ్లు చూపించే మొత్తం ఖర్చు, ఏడాదికి 6 లక్షలు, నెలకి 50,000. చేతికొచ్చేది 41,398. ఫిబ్రవరిలో ఇంకో వంద తక్కువ, కర్ణాటకలో ప్రొఫెషనల్ టాక్స్ ఆ నెల 200 బదులు 300 పట్టుకుంటారు. నెల చిన్నది, పన్ను పెద్దది. మిగతా కోతలు ఎలాగో సర్దుకున్నాను గానీ, గ్రాట్యుటీ అని 1,202 రూపాయలు నెలనెలా నా సీటీసీలో మెరుస్తుందే, దాన్ని చూస్తేనే కడుపు మండుతుంది. మామూలుగా ఒకే యజమాని దగ్గర అయిదేళ్లు నిండితే గానీ అది రాదు. నేను ఈ గేటు దగ్గర తొమ్మిదేళ్లుగా ఉన్నాను. టెండర్లు మారి ఏజెన్సీలు మూడు మారాయి. గేటు అదే, కుర్చీ అదే, బూమ్ బ్యారియర్ కిర్రుమనే చప్పుడు కూడా అదే. సర్వీసు మాత్రం ప్రతిసారీ సున్నా నుంచి. తొమ్మిదేళ్లుగా నేను కొత్తగా చేరిన ఉద్యోగిని.

ఈ జీతానికి చేసే పనీ చెబుతాను, నీకు కూడడం భాగించడం సరదా కదా. ఒక పోస్టు దగ్గర 24 గంటలూ మనిషి ఉండాలంటే ఎనిమిది గంటల షిఫ్టులు మూడు, వారానికి 21. ఒక మనిషి వారంలో ఆరు రోజులు చేస్తాడు. 21ని ఆరుతో భాగిస్తే మూడున్నర మంది. మా క్యాంపస్‌లో పోస్టులు 40. అంటే 140 మంది ఉండాలి. క్లయింటు ఒప్పుకున్నది 118కి. మిగతా 22 మందిని నేను ఎక్కణ్ణించి పుట్టించాలి? రాత్రి పదికి వాట్సాప్‌లో "సార్ జ్వరం" అని వస్తుంది. ఆ అర గార్డు ఎవరో తెలుసా, నేనే. క్యాబుల్లో ఆడపిల్లలు చివరి డ్రాప్‌కి ఒంటరిగా మిగలకుండా ఎస్కార్టులని సర్దడం కూడా నాదే. అది నా ఆఫర్ లెటర్‌లో లేదు, "మీరే చూస్కోండి సార్" లో ఉంది.

నీ ఘనకార్యం మా ఊరి దాకా పాకింది. భీమవరం దగ్గర మా బావమరిది రొయ్యల చెరువు లీజుకి తీసుకున్నాడు. పోయిన నెల ఫోను. "బావా, నెట్‌లో చూశాను, సెక్యూరిటీ మేనేజర్లకి బెంగళూరులో బాగానే ఇస్తున్నారంట. ఓ రెండు లక్షలు సర్దితే పంటకి ఇచ్చేస్తాను." లేవంటే నమ్మలేదు. పైగా వాళ్ల అక్కతో, "బావ ఇంకెక్కడో పెడుతున్నాడక్కా" అన్నాడు. ఆ రాత్రి మా ఇంట్లో జరిగిన విచారణ ముందు ఏ ఆడిట్టూ చాలదు. పే స్లిప్పు ప్రింటు తీసి దేవుడి పటం పక్కన పెడితే గానీ శాంతించలేదు.

సరే, కోపం కొంచెం తగ్గాక రాస్తున్న మాట ఇది. నిన్న రాత్రి రెండింటికి రౌండ్స్‌కి వెళ్లాను. వెనక ర్యాంప్ దగ్గర అస్సాం కుర్రాడు ఒకడు డ్యూటీలో ఉన్నాడు. ఇరవై మూడేళ్లు. గార్డు ట్రైనింగ్, క్లాసులో 100 గంటలు, ఫీల్డులో 60 గంటలు, పూర్తి చేసి చేరి ఆరు నెలలైంది. నన్ను చూసి గబుక్కున ఫోను జేబులో పెట్టబోయి, ఏమనుకున్నాడో, నా వైపే తిప్పి హిందీలో అడిగాడు. "సార్, సెక్యూరిటీ మేనేజర్ అయితే ఇంత వస్తుందా?"

అందులో నువ్వే, మంగళవారం నాటి కోటు వేసుకుని.

నవ్వొచ్చింది. నా ఫోన్లో పే స్లిప్పు తెరిచి చూపించాను. ఎందుకు చూపించానో ఇప్పటికీ తెలియదు, ఆఫీసులో అలా చూపించకూడదు కూడా. కుర్రాడు కింద దాకా చదివాడు. మళ్లీ పైకి వెళ్లి చదివాడు. "ఇది కూడా మంచిదే సార్" అన్నాడు. నిజంగానే అన్నాడు, ఎగతాళి లేదు. వాడి నెల జీతం నాకు తెలుసు, దానికి రెట్టింపు పైనే ఉంది నాది. నీ లెక్కలోకి రానివాడు, నీ పక్కన నా అంకె చూసి కూడా ముఖం చిన్నబుచ్చుకోనివాడు అక్కడ చలిలో నిలబడి ఉంటే, నా గోడు నాకే కాసేపు చిన్నదిగా కనపడింది. కాసేపే. పొద్దున్నే ఇంక్రిమెంట్ లెటర్ వచ్చింది, రెండు శాతం.

అందుకని ఇకముందు నువ్వు మా క్యాంపస్‌కి వస్తే గేట్ నంబర్ 2 దగ్గర ఆగు. కన్సల్టెన్సీ అమ్మాయి పంపినా, హెచ్ఆర్ పంపినా అంతే. రిజిస్టర్ ఉంటుంది, నాలుగో అంతస్తు సారే అర్ధరాత్రి ఛార్జర్ కోసం వస్తే రాసి లోపలికి వెళ్లారు, నువ్వెంత. పేరు రాయి. ఎవరిని కలవాలో రాయి. 'ఎక్కణ్ణించి వచ్చారు' అన్న గడిలో ఎవరెవరి జీతాలు కలిపితే వచ్చావో అందరి పేర్లూ రాయి. చోటు చాలకపోతే కుర్రాడు ఇంకో పేజీ ఇస్తాడు. ఐడీ ప్రూఫ్ ఒరిజినల్ కావాలి, జిరాక్స్ చెల్లదు.

ఇట్లు,
తొమ్మిదేళ్లుగా కొత్తగా చేరిన
సెక్యూరిటీ మేనేజరు, గ్రౌండ్ ఫ్లోర్

తా.క.: కోటు డ్రైక్లీనింగ్‌కి మారతహళ్లిలో 350 అడిగాడు. నెట్‌లో చూస్తే సగటు అంతకన్నా తక్కువే ఉంది. అదే చూపించాను. "అయితే నెట్‌లోనే ఉతికించుకోండి సార్" అన్నాడు.