క్వార్టర్ సీసా గారికి, మీ ఏకైక పాస్ మార్కు గురించి

శ్రీయుత క్వార్టర్ సీసా గారికి,

నమస్కారం. కిడ్నీ సబ్జెక్టులో మీరు పాసయ్యారని మా బాబాయి వల్ల తెలిసింది. పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు, దండం బొమ్మతో సహా: "మితంగా మందేసేవాళ్లకు కిడ్నీ క్యాన్సర్ తక్కువ. సైన్స్!"

కొట్టిపారేద్దామని వెతికితే, నిజమే. రోజుకు 30 గ్రాముల ఆల్కహాల్ దాకా తాగేవాళ్లలో ఆ క్యాన్సర్ తక్కువగా కనిపిస్తోందని ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి 2015లో రాసింది. ఎందుకో మాత్రం ఎవరూ గట్టిగా తేల్చలేదు. అభినందనలు.

మీ మిగతా మార్కులు కూడా చూశాను లెండి. 1988లోనే మిమ్మల్ని పొగాకు పక్కన, క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి బెంచీలో కూర్చోబెట్టారు. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, ఆడవాళ్లకైతే రొమ్ము: అన్నింట్లో ఫెయిలు. డ్రిల్లులో పాసైన కుర్రాడికి ఊరంతా ఫ్లెక్సీలు కట్టినట్టుంది మీ వ్యవహారం.

పైగా ఆ 30 గ్రాములు. మీ కొలత 180 మిల్లీలీటర్లు, ఘాటు 42.8 శాతం. లెక్కేస్తే 60 గ్రాములు దాటుతోంది. అంటే సగం తాగి మూత బిగించాలి. మూత తీశాక మళ్లీ బిగించిన మనిషిని మా ఊళ్లో నేనింతవరకు చూడలేదు. అసలు ఆ మూత ఎటు విసిరారో ఎవరికీ గుర్తుండదు. మీ తమ్ముడు స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా అయితే ఒక్కడే ఆ గీత దాటేస్తాడు. (కిడ్నీలో రాళ్లు కరిగిస్తానని వాడు వేరే ప్రాక్టీసు పెట్టుకున్నాడు. మూత్రం ఎక్కువ రప్పిస్తాడు, అంతే. ఆ పని మా బోరు నీళ్లూ చేస్తాయి, తాగి బండి కూడా నడపొచ్చు.)

ఇంకోటి. కిడ్నీ క్యాన్సర్‌కు పేరుమోసిన కారణాలు సిగరెట్టు, ఊబకాయం, బీపీ. బీపీని మీరే పెంచుతారు. మీరు వచ్చినచోటికి సిగరెట్టు పిలవకుండానే వస్తుంది, వెనకాలే ప్లేటు నిండా చికెన్ పకోడీ. దొంగల్ని వెంటేసుకొచ్చి ఇంటికి కాపలా కాస్తానంటే ఎలాగండీ?

ఇట్లు,
గ్రూపును మ్యూట్‌లో పెట్టిన ఒక అబ్బాయి

తా.క.: ఈ లెక్కంతా కాగితం మీద వేసి బాబాయికి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని శ్రద్ధగా చదివాడు. "అంటే మనిద్దరం చెరి సగం తాగితే సరిపోతుందన్నమాట" అని, రెండో గ్లాసు కోసం లోపలికి కేకేశాడు.