జోడెడ్ల బండి పేరు పెట్టుకున్న చెక్క విమానానికి ఒక ఫిర్యాదు

ఏమమ్మా జోడెల్ డి 112,

ముందు ఒక క్షమాపణ. నీ పేరు మొదటిసారి విన్నప్పుడు జోడెడ్ల బండి గురించి మాట్లాడుతున్నారేమో అనుకున్నాను. తర్వాత వాకబు చేస్తే పెద్ద తేడా ఏమీ లేదని తెలిసింది. అదీ చెక్కే, నువ్వూ చెక్కే. దాన్ని లాగేది ఇద్దరు, నిన్ను లాక్కొచ్చిందీ ఇద్దరే: ఎడువార్ జోలీ, ఆయన అల్లుడు జాఁ డెలెమోంతెజ్. మామ పేరులోంచి 'జో', అల్లుడి పేరులోంచి 'డెల్' తీసి అతికించేసి 1946లో ఫ్రాన్స్‌లోని బోన్ అనే ఊళ్లో కంపెనీ పెట్టారు. మా వైపు మామా అల్లుళ్లు కలిసి ఏదైనా మొదలుపెడితే ఏడాది తిరక్కుండానే పెద్దమనుషుల దగ్గర పంచాయితీ నడుస్తుంది, వీళ్లేమో విమానం చేశారు! అదీ వైన్‌కి పేరుపడ్డ ఊళ్లో. చెక్క కనబడితే పీపా చేసుకోవాలి గానీ రెక్క చేసుకుంటారా ఎవరైనా?

అసలు అప్పటి పరిస్థితి ఏమిటి, నువ్వు చేసిన పనేమిటి? యుద్ధం అప్పుడే ముగిసింది, ఫ్రాన్స్ మళ్లీ తలెత్తుకోవాలని తపించిపోతోంది. 1945 డిసెంబర్‌లోనే నోరెక్రాఁ అనే చిన్న విమానం ఎగిరింది. ఒళ్లంతా లోహం, గాల్లోకి లేచాక చక్రాలు లోపలికి మడుచుకుంటుంది, చూస్తే పెళ్లికొడుకులా ఉంటుంది. 1949లో తూలూజ్‌లో ఆర్మాన్యాక్ అనే పెద్ద ప్రయాణికుల విమానం లేచింది. నాలుగు ఇంజన్లు, దాదాపు 49 మీటర్ల రెక్కలు, లోపల రైలు బెర్తుల్లాగా ఒకదానిమీద ఒకటి పడకలు వేయొచ్చని బొజ్జ కూడా లావుగా పెంచారు. తీరా చూస్తే ఎయిర్ ఫ్రాన్స్ వాళ్లు గిట్టుబాటు కాదని వద్దన్నారు. మొత్తం కలిపి 9 తయారయ్యాయి. దేశం పరువు అక్కడ అలా నానా అవస్థలు పడుతుంటే, నీ అక్క బెబే (పేరే పసిపాప!) 1948 జనవరిలో ఒకే సీటుతో, 25 హార్స్‌పవర్ ఇంజన్ పెట్టుకుని, సిగ్గు లేకుండా ఎగిరేసింది. అది చాలదన్నట్టు, ప్రభుత్వం వాళ్లే వచ్చి, మా ఫ్లయింగ్ క్లబ్బులకి రెండు సీట్లది కూడా చేసి పెట్టండి అని అడిగారు. 1950 ఏప్రిల్ 4న డి 11 లేచింది. దానికి 65 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజన్ బిగిస్తే నువ్వు. ఇవాళ మా వీధిలో కూరగాయలకి వెళ్లే చిన్న కారుకి కూడా ఆ మాత్రం శక్తి ఉంటుంది, కాస్త ఆలోచించుకో. ఇంత చేసీ నీ డి 11 వంశం వేల సంఖ్యలో పెరిగింది, కంపెనీలు చేసినవి కొన్నయితే, జనం ప్లాన్ కాగితాలు తెచ్చుకుని ఇంటి షెడ్లలో జిగురు రాసి అతికించుకున్నవి కొన్ని.

ఇక నా అసలు కంప్లయింట్, నీ రెక్క. డిజాన్ దగ్గర ఒక ఫ్లయింగ్ క్లబ్‌లో నిన్ను మొదటిసారి చూసినప్పుడు నిజంగానే ఎక్కడో గుద్దుకుని చివర్లు వంగిపోయాయనుకున్నాను. మధ్యంతా బల్లపరుపు, చివర్లకి వచ్చేసరికి 14 డిగ్రీలు పైకి లేచి ఉంటాయి, ఎవరో మోచేతులు పట్టుకుని ఎత్తినట్టు. పక్కనున్న పెద్దాయన్ని అడిగితే నా అజ్ఞానానికి నవ్వుకుని ఓపిగ్గా చెప్పాడు. మధ్య భాగం అంతా ఒకే వెడల్పు కాబట్టి లోపలి చెక్క పట్టీలన్నీ ఒకే కొలత, వడ్రంగం తెలిసినవాడు ఒక అచ్చు చేసుకుంటే చాలు, వరసపెట్టి కోసుకుంటూ పోవచ్చు. పైకి లేచిన చివర్లు విమానం పక్కకి ఒరగకుండా నిలబెడతాయి. పైగా ఆ చివర్లని కాస్త మెలితిప్పారు, అందుకని వేగం బాగా తగ్గిపోయి రెక్క గాలి పట్టు వదిలేసే వేళ కూడా చివర్లు అందరికంటే ఆఖర్న వదులుతాయి. అంటే, నేర్చుకునేవాడు తప్పు చేసినా నువ్వు కోప్పడవు. ఇలా అయితే వాడికి భయం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇంకా ఉంది. రెక్క లోపలి పెద్ద దూలం ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒకటే ముక్కట, మధ్యలో అతుకు లేదు. బలం బాగానే ఉంటుంది కానీ, పొరపాటున నిన్ను లారీ మీద తీసుకెళ్లాలంటే రెక్కని రెండుగా విప్పడానికి లేదు, 8 మీటర్ల బల్లని ఎవడు మోస్తాడమ్మా? వాన పడితే మాత్రం ముందు నిన్ను షెడ్డులో పెట్టాలి, మనుషుల సంగతి తర్వాత.

లోపలికి ఎక్కడం ఇంకో కథ. రెక్క మొదట్లో కాలు పెట్టడానికి నల్లటి గరుకు పట్టీ ఉంది, అక్కడే పెట్టాలి, దాటితే కింద ఉన్నది చెక్క చట్రం మీద కప్పిన గుడ్డ. నాకు ఆ సంగతి చెప్పేలోపే నా బూటు పట్టీ దాటింది. ఫ్రెంచ్‌లో తిట్లు అర్థం కాకపోయినా స్థాయి అర్థమైంది. లోపల భుజం భుజం రాసుకుంటూ కూర్చున్నాం, సిటీ బస్సులో ముగ్గురి సీటులో నాలుగోవాడిలాగా. సెల్ఫ్ స్టార్ట్ లేదు. ఒకాయన ముందు నిలబడి చెక్క ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పి వెనక్కి దూకాడు, మొదటిసారి దగ్గింది, రెండోసారి పట్టుకుంది. గడ్డి మీద గతుకులన్నీ నడుముతో లెక్కపెట్టాక, ఎప్పుడు లేచామో నాకు తెలియనే లేదు. గతుకులు ఆగిపోయాయి, అంతే. కిందకి చూద్దామంటే కిటికీలో సగం నీ రెక్కే. అది దాటి చూస్తే ద్రాక్షతోటలు, దువ్వెనతో దువ్వినట్టు వరసలు.

నీ మీద ఇంత కోపం ఎందుకంటే, నీ రోగం అంటువ్యాధి. పియెర్ రోబాఁ అనే ఆయన 1957లో డిజాన్‌కి దగ్గర్లోని దారోవాలో విమానాల ఫ్యాక్టరీ పెట్టి అదే డెలెమోంతెజ్‌ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. 1972లో డి.ఆర్. 400 వచ్చింది, అందులో డి అంటే డెలెమోంతెజ్, ఆర్ అంటే రోబాఁ, అల్లుడుగారు ఇక్కడా తన అక్షరం వదల్లేదు. అదీ చెక్కే, అదీ గుడ్డే, అదే వంకర రెక్క. దానికి మూడేళ్ల ముందే కాంకర్డ్ ఎగిరింది. ధ్వనిని దాటిపోయిన ఆ మహారాణి 2003లో మ్యూజియంకి వెళ్లిపోయింది, నీ చెక్క చుట్టాలు మాత్రం ఈ ఆదివారం కూడా ఎవరో ఇద్దరిని ఎక్కించుకుని మధ్యాహ్నం భోజనానికి పక్క ఊరు తీసుకెళ్తుంటాయి.

క్లబ్ వాళ్లు వచ్చే నెల మళ్లీ రమ్మన్నారు. ఆ పట్టీకి ఇంకాస్త రంగు వేయించుకుంటే మంచిది.

ఇట్లు,
నీ రెక్క మీద కాలు పెట్టకూడని చోట పెట్టిన తెలుగువాడు