సైబీరియాలో ఐసు కరువు

జనవరిలో సైబీరియా. బయట మైనస్ ముప్పై. నదులు గడ్డకట్టి వాటి మీద లారీలు తిరుగుతుంటాయి. ఇలాంటి చోట ఐస్ హాకీ ఆడటానికి ఐసు ఎక్కణ్ణుంచి తేవాలి అనే ప్రశ్న వస్తే మనలాంటి మామూలు బుర్రలు కిటికీలోంచి బయటికి చూస్తాయి, ప్రభుత్వం మాత్రం టెండర్ల వైపు చూస్తుంది. అదీ దూరదృష్టి అంటే. నేను దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను.

ఎందుకంటే ఆకాశం ఊరికే ఇచ్చే ఐసుకు బిల్లు ఉండదు, బిల్లు లేని పనికి ప్రారంభోత్సవం ఉండదు. అదే స్టేడియం అయితే చూడండి. కాంక్రీటులో పైపులు పరిచి, వాటిలో చల్లటి ద్రవం తిప్పి, పైన నీళ్ళు పొరలు పొరలుగా చల్లి, తెల్ల రంగేసి, గీతలు గీసి, మళ్ళీ నీళ్ళు చల్లి, 60 మీటర్ల పొడవునా మూడు నాలుగు సెంటీమీటర్ల మందం ఐసు తయారుచేస్తారు. జనం వణక్కుండా హాలును వేడి చేస్తారు, ఆ వేడికి ఐసు కరక్కుండా కింద మెషిన్లు ఆడిస్తారు, ఇంతా అయ్యాక విరామంలో ఒక బండి వచ్చి ఐసు నున్నబడ్డానికి దాని మీద వేడినీళ్ళు పోసి పోతుంది.

ఈ విద్యలో సైబీరియాలోని ఓమ్‌స్క్ నగరం పీహెచ్‌డీ చేసింది. అక్కడి ప్రొఫెషనల్ జట్టు పేరు అవన్‌గార్డ్. దాని కోసం 2007లో పది వేల మంది పట్టే స్టేడియం కట్టారు. 2018లో, అంటే ఆ భవనానికి పదకొండేళ్ళు నిండాక, ఇది ప్రమాదకరంగా ఉంది, లోపలికి ఎవరూ వెళ్ళకూడదని మూసేశారు, ఆ తర్వాత పడగొట్టారు. పదకొండేళ్ళంటే మన ఇళ్ళలో పెళ్ళినాటి బీరువా ఇంకా కొత్తదని చెప్పుకునే వయసు. పాపం జట్టు పెట్టేబేడా సర్దుకుని మాస్కో పక్కనున్న బలాషిఖాకు కాపురం మార్చింది. సొంత జట్టు సొంత మైదానంలో ఆడుతుంటే చూడాలంటే ఓమ్‌స్క్ అభిమాని రెండు వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేయాల్సి వచ్చేది, గడియారం మూడు గంటలు వెనక్కి తిప్పుకోవాల్సి వచ్చేది. విచిత్రం ఏమిటంటే ఆ అద్దె కాపురంలో ఉండగానే, 2021లో, జట్టు లీగ్ ట్రోఫీ గగారిన్ కప్పు గెలిచేసింది. స్టేడియం లేకపోతే బాగా ఆడుతున్నారని ఎవరైనా పసిగట్టేలోపే 2022లో ఓమ్‌స్క్‌లో దాదాపు 12 వేల సీట్లతో కొత్తది కట్టేశారు, హమ్మయ్య.

ఇక పందిరి వేసిన ఇంట్లో పెళ్ళి తప్పిపోయిన కథలు. 2023 జూనియర్ల ప్రపంచ హాకీ పోటీ సైబీరియాలోని నోవసిబిర్స్క్, ఓమ్‌స్క్‌లలో, పెద్దవాళ్ళది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరగాలి. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదికి సైన్యాన్ని పంపింది. దాంతో పోటీల హక్కులు పోయాయి. జూనియర్ల పెళ్ళి కెనడాకు, పెద్దవాళ్ళది ఫిన్‌లాండ్, లాత్వియాలకు తరలిపోయింది. పందిళ్ళ పని మాత్రం ఆగలేదు. నోవసిబిర్స్క్‌లో పది వేల మందికి పైగా పట్టే స్టేడియం 2023లో తెరుచుకుంది, పీటర్స్‌బర్గ్‌లో ఇరవై వేలు దాటే ఎస్‌కేఏ అరీనా కూడా అదే ఏడాది చివర్లో పూర్తయింది. పెళ్ళివారు వెళ్ళిపోయాక భోజనాల హాలు అద్భుతంగా కుదిరింది.

ఈ ఎస్‌కేఏ అరీనా స్థలంలో అంతకుముందు సోవియట్ కాలం నాటి స్టేడియం ఒకటుండేది. 2020 జనవరిలో దాన్ని విప్పుతుండగా పైకప్పు మొత్తం ఒక్కసారిగా కూలి ఒక కార్మికుడు చనిపోయాడు. దీని మీద జోకు వేయడం నాకు చేతకాదు.

అసలు పీటర్స్‌బర్గ్‌కు ప్రపంచ పోటీ అచ్చిరాదనుకోండి. 2000లో పోటీ కోసమే ఐస్ ప్యాలెస్ కట్టుకున్నారు, పావెల్ బురే లాంటి స్టార్లను దింపారు. సొంత జనం ముందు వరసగా అమెరికా, స్విట్జర్లాండ్, లాత్వియా, చివరికి బెలారస్ చేతిలో కూడా ఓడి రష్యా పదకొండో స్థానంలో నిలిచింది. 2023లో ఆ అవమానం తప్పింది, పోటీయే లేదు కాబట్టి. ఇదీ ప్రగతే.

పైవాళ్ళకు ఆట మీద ఉన్న ప్రేమను మాత్రం శంకించకండి. 2019 మేలో సోచీలో పుతిన్‌గారు స్వయంగా స్కేట్లు కట్టి ఆడారు. కొట్టిన గోల్స్ ఎనిమిదా పదా అన్న దగ్గర లెక్క తేడా వచ్చింది (ఆ రోజు గోల్‌కీపర్ కష్టం ఊహించుకోండి). గెలిచి అభివాదం చేస్తూ తిరుగుతుంటే ఐసు మీద పరిచిన ఎర్ర తివాచీ స్కేటుకు తగిలి బోర్లా పడ్డారు. ఐసు అంతసేపూ బుద్ధిగానే ఉంది, తప్పు తివాచీదే.

ఈ వ్యవస్థకు అసలు ముప్పు వేరే ఉంది. రష్యాలో అపార్ట్‌మెంట్ల మధ్య చెక్క పలకలతో కట్టిన చిన్న మైదానాలుంటాయి, వాటిని కొరోబ్కా అంటారు, అంటే పెట్టె. చలి ముదరగానే రాత్రి ఎవరో ఒకాయన రబ్బరు గొట్టంతో నీళ్ళు పట్టి వెళ్ళి పడుకుంటాడు. తెల్లారేసరికి ఐసు రెడీ. టెండరు లేదు, రిబ్బను లేదు, సాయంత్రానికల్లా పిల్లలు "షైబు! షైబు!" (అంటే బిళ్ళ! బిళ్ళ!) అని అరుస్తూ రబ్బరు బిళ్ళ వెనక పరిగెడుతుంటారు. ఆ గొట్టం పట్టుకున్న ఆయన ఎవరో ప్రభుత్వం వెంటనే కనుక్కోవాలి.