దిగులు పడండి, కానీ కోడ్ ప్రకారం

అమెరికాలో మనసు బాగాలేని వాళ్ళ గురించి లోకం అనవసరంగా జాలిపడుతోంది. అసలు ఇబ్బంది వాళ్ళ చార్టులు, అంటే డాక్టరు రాసిన నోట్లు చదివి, బీమా క్లెయిము కోసం ప్రతి జబ్బుకూ ఒక కోడ్ నంబరు వేసే మెడికల్ కోడర్లది. అలా చదివేవాళ్ళలో అమీర్‌పేటలో కోర్సు చేసి, హైదరాబాద్ ఆఫీసుల్లో షిఫ్టులకు కూర్చునే మన పిల్లలు బోలెడుమంది. అందుకే ఈ విషయంలో నాలుగు మాటలు చెప్పే హక్కు మనకు ఉందని నా నమ్మకం.

ఆందోళన, దిగులు కలిసే వస్తాయని మన ఇళ్ళలో ఎవరినడిగినా చెప్తారు. నిద్ర పట్టదు, అన్నం సయించదు, ఉట్టి పుణ్యానికే గుండె దడ. పడేవాడికి అదంతా ఒకటే బాధ. కానీ ఇన్సూరెన్సు వాళ్ళకు వెళ్ళేది బాధ కాదు, క్లెయిము. అక్కడ క్రమశిక్షణ ఉండాలి.

డాక్టరుగారు హడావుడిలో ‘యాంగ్జైటీ/డిప్రెషన్’ అని, మధ్యలో ఒక ఏటవాలు గీత గీసి, తర్వాతి పేషెంటు దగ్గరికి వెళ్ళిపోతారు. ఆ గీత దగ్గర ఇక్కడ కోడర్ చెయ్యి ఆగిపోతుంది. రెండూ కలిసిన ఒకే జబ్బా, పక్కపక్కనే ఉన్న రెండు జబ్బులా, లేక ఏదో తేలక గీత గీశారా? రెండూ కలిసిన జబ్బేనని డాక్టరు రాస్తే ఎఫ్41.8. విడివిడిగా అయితే ఎఫ్41.9 ఒకటి, ఎఫ్32.ఏ ఒకటి. ఎంతకీ వదలకుండా పాతబడిపోయిన బాధ అయితే ఎఫ్34.1. జీవితంలో పడ్డ దెబ్బకు తట్టుకోలేక వచ్చిందని డాక్టరు తేల్చితే ఎఫ్43.23. ఇన్ని గదులు కట్టి ఉంచితే పేషెంటు వచ్చి గుమ్మంలోనే కూలబడితే ఎలా?

కోడర్ ఊహించకూడదు. పేషెంటు గదిలో కూర్చున్నంతసేపూ ఏడ్చాడని నోట్‌లో ఉన్నా సరే, డాక్టరు జబ్బు పేరు రాయకపోతే అది ఏడుపే తప్ప జబ్బు కాదు. ‘డిప్రెషన్ అయి ఉండవచ్చు’ అని రాసినా ఔట్‌పేషెంట్ చార్టులో చెల్లదు, కనిపించిన లక్షణాలకే కోడ్ వేయాలి. అప్పుడు వివరణ అడుగుతూ డాక్టరుకు క్వెరీ పంపాలి. జవాబు వచ్చేదాకా పేషెంటు కాస్త ఓపిక పట్టడం మర్యాద.

పుస్తకాలు రాసే పెద్దలకే ఇది తేలలేదన్నది వేరే సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల కోడ్ల పుస్తకం (ఐసీడీ) పదో కూర్పులో ఈ జంట జబ్బుకు ఎఫ్41.2 అని సొంత నంబరు ఇచ్చింది. అమెరికా తన కూర్పులో ఆ నంబరు తీసేసి దీన్ని ‘ఇతరములు’లో పడేసింది. పదకొండో కూర్పులో ఆరోగ్య సంస్థే దీన్ని ఆందోళనల వీధి నుంచి డిప్రెషన్ల వీధికి మార్చింది. అమెరికా సైకియాట్రిస్టులు 2013 నాటి తమ మానసిక జబ్బుల పుస్తకం డీఎస్ఎం-5 కోసం దీన్ని పరీక్షించి చూశారు. ఒకే పేషెంటును ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చూస్తే, ఈ జబ్బు విషయంలో వాళ్ళకు కుదిరిన ఏకాభిప్రాయం బొమ్మా బొరుసూ వేస్తే కుదిరేంత. దాంతో ఆ జబ్బును పుస్తకంలోకి రానివ్వలేదు. పేషెంట్లకు కబురు అందినట్టు లేదు, ఇంకా వస్తూనే ఉన్నారు.

కోడింగుకు ఉన్న వైద్యశక్తిని కూడా మనం గుర్తించాలి. ఒకప్పుడు చార్టులో ఉత్తి ‘డిప్రెషన్’ అని ఉంటే అది మేజర్ డిప్రెషన్ కిందే, అంటే ఎఫ్32.9లోకి పోయేది. 2021 అక్టోబర్ 1న ఎఫ్32.ఏ వచ్చింది. ముందురోజు రాత్రి మేజర్‌గా పడుకున్నవాళ్ళు తెల్లారేసరికి మామూలు డిప్రెషన్‌వాళ్ళయ్యారు. ఏ మాత్రా ఒక్క రాత్రిలో అంత గుణం చూపించలేదు.

ఇక డబ్బు. అమెరికాలో పెద్దవయసు వాళ్ళకు ప్రభుత్వ సొమ్ముతో ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ బీమాలో ప్రభుత్వం బీమా కంపెనీకి ఇచ్చే సొమ్ము పేషెంటు జబ్బుల బరువును బట్టి ఉంటుంది. 2024 నుంచి దశలవారీగా వచ్చిన కొత్త లెక్కలో మేజర్ డిప్రెషన్ కనీసం ‘మోడరేట్’ అయితేనే బరువు, ‘మైల్డ్’ అయితే సున్నా. కాబట్టి బాధ్యత గల పౌరుడు కొంచెం దిగులుపడి ఊరుకోకూడదు. డిప్రెషన్ ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలకు 27 మార్కులున్నాయి, మోడరేట్ 10 దగ్గర మొదలవుతుంది. 9 దగ్గర ఆగిపోయేవాళ్ళను ఏమనాలి! అలాగని 14 వచ్చిందని కోడర్ తనంతట తాను మోడరేట్ వేసేయకూడదు, డాక్టరు ఆ మాట రాయాలి. పైగా ఏటా జనవరి 1న లెక్క మళ్ళీ మొదటికి. ఆ ఏడు ఎవరూ కొత్తగా రాయకపోతే, పోయినేడు మంచం దిగలేనివాడు కూడా కాగితం మీద భేషుగ్గా ఉన్నట్టే.

ఆ కోడ్ల పుస్తకంలో లోపముందని మాత్రం అనకండి. బాతు ఢీకొడితే కోడ్ ఉంది. అత్తమామలతో పడకపోతే జెడ్63.1 ఉంది. మన కుటుంబాలను ఇంతగా అర్థం చేసుకున్న విదేశీ గ్రంథం నేను చూడలేదు.

కోడర్ల కోసం కూడా అందులో చోటుంది. గంటకు ఇన్ని చార్టులని టార్గెట్, క్వాలిటీ 95 శాతం తగ్గకూడదు, ఆడిట్‌లో ఒక్క ఏటవాలు గీత తప్పుగా చదివినా ఎర్రర్. ఆ టెన్షన్‌కు జెడ్56.3, బర్నౌట్‌కు జెడ్73.0. కాకపోతే ఎవరికి వాళ్ళు వేసుకోకూడదు, వైద్యం చూసేవాళ్ళు చార్టులో రాయాలి. నైట్ షిఫ్ట్ మధ్యలో ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసి “ఏరా, అదోలా ఉన్నావు, ఒంట్లో బాగుందా?” అని అడిగితే, ఆవిడ ప్రొవైడర్ కాదు కాబట్టి ఆ మాట చెల్లదు.