ఏజెంటుకు ఇచ్చే టూల్ వివరణ కూడా భద్రతా ఏర్పాటే

భద్రతా లాగ్‌లలో, అంటే కంప్యూటర్లలో ఏం జరిగిందో నమోదయ్యే చిట్టాల్లో, వెతికే పనిని సంస్థలు ఏఐ ఏజెంట్లకు (తమంతట తాము పనులు చేసే ఏఐ ప్రోగ్రాములకు) అప్పగిస్తున్నాయి. 2024 నవంబరులో ఏఐ సంస్థ ఆంత్రోపిక్, ఏఐని బయటి ప్రోగ్రాములతో కలిపే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ప్రమాణాన్ని ప్రకటించాక ఏజెంటుకు కొత్త టూల్ (అది వాడుకునే ప్రోగ్రాము) జోడించడం తేలికైంది. ఆ టూల్ ఏం చేస్తుందో, ఏం చేయలేదో చెప్పే నాలుగు వాక్యాలను మాత్రం ఇంకా చాలామంది ఆఖరి నిమిషంలోనే రాస్తున్నారు. సాధారణంగా టూల్ లోపలి కోడ్ ఏజెంటుకు కనిపించదు. దాని పేరు, వివరణ, అది అడిగే విలువల పట్టిక చూసే నిర్ణయం తీసుకుంటుంది. అందుకే నెట్‌వర్క్‌లోకి ఏది రావచ్చో తేల్చే ఫైర్‌వాల్ నిబంధనకు ఉన్నంత పరిశీలన ఈ వివరణకూ ఉండాలని నేను గట్టిగా వాదిస్తాను.

ఖాళీగా వచ్చే ఫలితం దగ్గరే అసలు ముప్పు ఉంది. విండోస్‌లో విఫలమైన లాగిన్‌ను 4625 నంబరు ఈవెంటు సూచిస్తుందని ఏ మోడలుకైనా తెలుసు. అయితే ఆ ఈవెంటు లాగిన్ ప్రయత్నం జరిగిన యంత్రంలో నమోదవుతుంది. సంస్థ లాగిన్‌లను సరిచూసే సర్వరైన డొమైన్ కంట్రోలర్‌లో అదే వైఫల్యం, వాడిన లాగిన్ పద్ధతి కెర్బెరోస్ అయితే 4771గా, ఎన్‌టీఎల్‌ఎం అయితే 4776గా కనిపిస్తుంది. టూల్ దగ్గర డొమైన్ కంట్రోలర్ల లాగ్‌లు మాత్రమే ఉండి, వివరణలో ‘భద్రతా లాగ్‌లను వెతుకుతుంది’ అని మాత్రమే రాసి ఉంటే, ఏజెంటు 4625 కోసం వెతికి, ఏమీ దొరక్క, పాస్‌వర్డ్ దాడి జరగలేదని నివేదిక రాసేస్తుంది. సమయం విషయంలోనూ ఇదే జరుగుతుంది. రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 4 గంటల దాకా చూడమని హైదరాబాదులోని విశ్లేషకుడు అడిగితే, టూల్ ఆ అంకెలను యూటీసీగా (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ కాలమానంగా) తీసుకుంటే, వెతుకులాట మన కాలమానంలో ఉదయం 4.30 నుంచి 9.30 దాకా సాగుతుంది. అడిగిన వ్యవధిలో ఒక్క నిమిషం కూడా అందులో ఉండదు.

2021 డిసెంబరులో జావా ప్రోగ్రాములు విస్తృతంగా వాడే లాగ్‌4జే లైబ్రరీలో లోపం బయటపడినప్పుడు ఇదే ఇబ్బందిని మనుషులే ఎదుర్కొన్నారు. జావా కోడ్‌ను మూటగట్టే ఒక జార్ ఫైలు లోపల మరో జార్‌గా ఇమిడి ఉన్న లైబ్రరీని ప్యాకేజీల జాబితా మాత్రమే చూసే స్కానర్లు పట్టుకోలేకపోయాయి. అనుభవజ్ఞులు ఆ ఫలితాన్ని అనుమానించి మళ్లీ వెతికారు. లోపలి జార్‌లను తెరవదని టూల్ వివరణలో లేకపోతే ఏజెంటుకు ఆ అనుమానం రావడానికి ఆధారమే ఉండదు.

మోడళ్లు మెరుగవుతున్న కొద్దీ ఈ శ్రమ అక్కర్లేదని, పొడవాటి వివరణలు కాంటెక్స్ట్‌ను (మోడల్ ఒకేసారి చదవగల పరిమిత చోటును) వృథా చేస్తాయని కొందరు అంటారు. పొడవు గురించిన అభ్యంతరం న్యాయమైనదే. కానీ మీ సంస్థలో ఏ సర్వర్ల లాగ్‌లు చేరడం లేదో, టూల్ ఎన్ని వరుసల దగ్గర ఫలితాన్ని కత్తిరిస్తుందో ఎంత తెలివైన మోడలైనా ఊహించి తెలుసుకోలేదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, నిర్దేశిత సంఘటనలను గుర్తించిన 6 గంటల్లోపు తెలియజేయాలి. పాత లాగ్‌లు ఆర్కైవులో ఉండి టూల్ వాటిని చూడలేకపోతే, ఆ మాట చెప్పే ఒక్క వాక్యం ఆ 6 గంటల్లో ఎంతో విలువైనది.

వివరణ మీదే దాడి చేయవచ్చని కూడా తేలింది. టూల్ వివరణలో రహస్య ఆదేశాలు దాచి ఏజెంటును దారి మళ్లించవచ్చని ఏఐ భద్రతా సంస్థ ఇన్వేరియంట్ ల్యాబ్స్ 2025 ఏప్రిల్‌లో చూపింది. కాబట్టి అందులో ఒక్క పదం మారినా కోడ్ మార్పులాగే సమీక్షకు వెళ్లాలి.

ఇంత కీలకమైన వాక్యాలను ఎవరు రాస్తున్నారన్నది నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. మన ఇంజనీరింగ్ చదువులు కోడ్‌కు మార్కులు వేస్తాయి, ఆ కోడ్ పరిమితులను స్పష్టంగా రాయడాన్ని మాత్రం గుమాస్తా పనిగా చూస్తాయి. ఉద్యోగాల్లోనూ డాక్యుమెంటేషన్ కొత్తగా చేరినవారి నెత్తినే పడుతుంది. ఏ లాగ్ ఎప్పుడు ఆలస్యంగా వస్తుందో, ఏ ఫీల్డు పేరు మోసం చేస్తుందో తెలిసిన నైట్ షిఫ్ట్ విశ్లేషకుడిని ఆ వివరణ గురించి ఎవరూ అడగరు. ప్రతి వివరణ కింద ఆ విశ్లేషకుడి ఆమోదం ఉండాలి, దానికి పట్టే గంటలను అతని పనితీరు మదింపులో లెక్కించాలి, తెలిసిన ఒక దాడి ఆనవాలును లాగ్‌లలో ముందే ఉంచి ఏజెంటు దాన్ని పట్టుకున్నాకే ఆ టూల్‌ను వాడకంలోకి తేవాలి.